ఎఫ్‌ఎం పాటలతో విమానం జాడ పట్టబోతే: నేరు సంకేతంతో నా పెనుగులాట

మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ మండలంలో, 44వ నంబరు జాతీయ రహదారికి కొంచెం ఎడంగా ఉంటుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి బెంగళూరు వైపు వచ్చిపోయే విమానాలు మా డాబా మీదుగానో, దానికి కాస్త అటూ ఇటూగానో పోతుంటాయి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. హైదరాబాద్ ఎఫ్‌ఎం స్టేషన్ల తరంగాలు ఈ విమానాలకు తగిలి చెదిరినప్పుడు ఆ చెదిరిన తరంగాలను డాబా మీద పట్టుకోగలమా అన్న ప్రశ్న నన్ను ఏడాదికి పైగా వెంటాడింది. ఆ ఏడాదిలో విమానాలను వెతకడానికి పట్టిన కాలం తక్కువ. రేడియో అంతరాయాన్ని తగ్గించడానికి పట్టిన కాలమే ఎక్కువ.

మామూలు రాడార్ తన తరంగాన్ని తానే పంపి, తిరిగివచ్చిన దాన్ని వింటుంది. పాసివ్ రాడార్ ఏమీ పంపదు. ఎవరో ఎందుకో ప్రసారం చేస్తున్న సంకేతాన్ని వాడుకుంటుంది. దీనికి రెండు యాంటెన్నాలు కావాలి. ఒకటి ప్రసార కేంద్రం వైపు తిరిగి, అసలు పాట ఎలా ఉందో శుభ్రంగా అందుకుంటుంది. దీన్ని రిఫరెన్స్ ఛానల్ అంటారు. రెండోది ఆకాశం వైపు తిరిగి, ఆ పాట విమానానికి తగిలి ఎంత ఆలస్యంగా, ఎంత డాప్లర్ మార్పుతో (కదిలే వస్తువుకు తగలడం వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడా) వచ్చిందో వెతుకుతుంది. దీన్ని నిఘా ఛానల్ అందాము. ఈ రెంటినీ ప్రతి ఆలస్యానికీ ప్రతి డాప్లర్‌కూ పోల్చి చూస్తే ఒక పటం వస్తుంది. ఆ పటంలో విమానం ఒక చుక్కగా కనబడాలి.

కనబడదు. ఎందుకంటే నిఘా యాంటెన్నా ఎటు తిరిగి ఉన్నా, హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే పాట కూడా దానిలో పడుతుంది. మా ఇంటికి హైదరాబాద్ ఈశాన్యంగా, గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 60 కిలోమీటర్లు. విమానం మాకు 20 కిలోమీటర్ల దూరంలో, ప్రసార కేంద్రానికి 70 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుని, ఈ తరంగదైర్ఘ్యంలో అది 100 చదరపు మీటర్ల మేర తరంగాన్ని అందుకుని అన్ని వైపులా చెదరగొడుతుందనుకుని లెక్క కట్టాను. నేరు సంకేతం కంటే విమానపు ప్రతిధ్వని 78 డెసిబెళ్లు తక్కువ అని తేలింది (ప్రతి 10 డెసిబెళ్లకూ శక్తి పది రెట్లు మారుతుంది). అంటే శక్తిలో దాదాపు ఏడు కోట్లలో ఒక వంతు. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడి పక్క ఊరిలో ఎవరో గుసగుసలాడితే వినాలనుకోవడం వంటిది ఇది. పైగా ఆ గుసగుస కూడా మైకులో వచ్చే పాటే.

కొంత ఊరట ఉంది. ఒక సెకను నిడివి సంకేతాన్ని కూడబెట్టి పోలిస్తే, ఎఫ్‌ఎం పాట 100 కిలోహెర్ట్జ్ వెడల్పు ఉన్నప్పుడు, లక్ష రెట్లు, అంటే 50 డెసిబెళ్ల లాభం వస్తుంది. నేరు సంకేతం పటమంతా పరిచే పొర దాని శిఖరం కంటే 50 డెసిబెళ్లు కింద ఉంటుంది. విమానం 78 కింద ఉంది కాబట్టి ఇంకా 28 డెసిబెళ్ల లోటు. నమ్మకంగా గుర్తించడానికి పైన మరో పన్నెండు వేసుకుంటే 40. పని మొత్తం ఈ ఒక్క అంకెలోకి దిగింది: నిఘా ఛానల్‌లో నేరు సంకేతాన్ని 40 డెసిబెళ్లు అణచాలి. ఈ లెక్కను కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. ముందే ఈ పని చేసి ఉంటే మొదటి రెండు నెలలు వృథా అయ్యేవి కావు.

ఆ రెండు నెలలలో జరిగింది త్వరగా చెప్పి ముగిస్తాను. ఎనిమిది బిట్ల చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిళ్లు (కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్లు) రెండు తీసుకున్నాను. రెండింటికీ విడివిడి గడియారాలు ఉండటం వల్ల కొద్ది నిమిషాల్లోనే వాటి మధ్య పొత్తు చెడిపోయేది. ఒకదానిలోని 28.8 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని తీసివేసి, రెండోదాని స్ఫటికం నుంచే సన్నని తీగతో దానికి గడియారం ఇచ్చాను. అయినా ఆన్ చేసిన ప్రతిసారీ యూఎస్‌బీ ఒక డాంగిల్‌ను కాస్త ముందు, ఇంకోదాన్ని కాస్త వెనుక మొదలుపెడుతుంది. రెండింటిలోనూ వినిపించే నేరు పాటనే ఆధారంగా తీసుకుని ఆ తేడాను సరిచేశాను. తర్వాత నన్ను ఏడిపించబోయే నేరు సంకేతం నాకు చేసిన మేలు ఇదొక్కటే. అప్పుడు గీసిన పటంలో సున్నా డాప్లర్ దగ్గర ఒక తెల్లని గోడ, మిగతాదంతా బూడిద రంగు.

ఈ నిరాశలో ఉన్నప్పుడే పాత చరిత్ర చదివాను. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ చేసిన ప్రయోగం రాడార్ పుట్టుకకు ఆధారంగా చెబుతారు. అది నిజానికి పాసివ్ రాడారే. బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాన్ని వాడుకుని, హేఫర్డ్ అనే బాంబర్ విమానాన్ని సుమారు 13 కిలోమీటర్ల వరకు గుర్తించారు. నన్ను ఆపి ఆలోచింపజేసింది దూరం కాదు, వారు నేరు సంకేతాన్ని అణచిన పద్ధతి. రెండు యాంటెన్నాలను కొంత ఎడంగా కట్టి, ఒకదానిలో వచ్చే తరంగపు దశను (ఎగుడుదిగుడుల వరుసను) తిప్పి, రెండింటిలోనూ వచ్చే నేరు సంకేతం ఒకదానినొకటి కొట్టేసుకునేలా చేశారు. తెర మీద మిగిలిన చిన్న గీత విమానం వచ్చినప్పుడు ఊగింది. కంప్యూటర్ లేని రోజుల్లో వాళ్లు మొదట చేసిన పనిని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న నేను చివరికి వాయిదా వేశానని అప్పుడు తెలిసింది.

అందుకని ప్రోగ్రాం పక్కన పెట్టి డాబా ఎక్కాను. మొదట తేల్చుకోవలసినది, మా ఇంటి చుట్టూ పుడుతున్న రొద. ఒక చేతి రేడియోను ఎఫ్‌ఎం బ్యాండ్‌లో స్టేషన్ లేని చోట పెట్టుకుని ఇల్లంతా, వీధంతా తిరిగాను. ఎల్‌ఈడీ బల్బులలో తక్కువ ధరవి రెండు బుసకొట్టాయి. లాప్‌టాప్ చార్జర్ ఇంకా ఎక్కువ. రికార్డింగ్ వేళ దాన్ని పీకేసి బ్యాటరీ మీదే నడపడం అలవాటు చేసుకున్నాను. ఇన్వర్టర్‌కు, యూఎస్‌బీ తీగలకు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ఫెర్రైట్ రింగులు తొడిగాను. ఊరి చివర ఉన్న మొబైల్ టవర్ 900 మెగాహెర్ట్జ్‌లో బలంగా కొట్టి డాంగిల్ ముందు భాగాన్నే ఉక్కిరిబిక్కిరి చేస్తోందని, ఎఫ్‌ఎం బ్యాండ్‌ను మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ పెట్టాక గానీ తెలియలేదు.

అన్నిటికన్నా మొండిది మా పొలం పక్కన పోయే 11 కేవీ లైను. రేడియోతో ఒక్కొక్క స్తంభం దగ్గరికి నడుచుకుంటూ పోతే, మూడో స్తంభం కింద చిటపట ఒక్కసారిగా పెరిగింది. తీగను ఇన్సులేటర్‌కు కట్టిన చోట వదులైతే సన్నని నిప్పురవ్వలు వస్తాయి. కంటికి కనబడకపోయినా వీహెచ్‌ఎఫ్ (ఎఫ్‌ఎం కూడా ఉండే పౌనఃపున్యాల శ్రేణి) రేడియోకు అవి ఉరుముల్లా వినిపిస్తాయి. లైన్‌మెన్‌ను పిలిచి, “అన్నా, ఈ స్తంభం కాడ రేడియో మొత్తుకుంటున్నది, జర చూడు” అంటే, ఆయన చేతి రేడియోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వి, మరుసటి వారం లైన్ బంద్ చేసినప్పుడు ఆ కట్టు బిగించి పోయాడు. ఆ ఒక్క బిగింపుతో నా రొద మట్టం 6 డెసిబెళ్లు దిగింది. ఎంత ఖరీదైన యాంప్లిఫయర్ కొన్నా ఆ ఆరు వచ్చేవి కావు.

బోరు మోటార్ల సంగతి వేరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటార్లు ఏ వేళలోనైనా ఆన్ అవుతాయి. స్టార్టర్ పడినప్పుడల్లా ఒక చిన్న మెరుపు వంటి పోటు నా రికార్డింగ్‌లో పడేది. దాన్ని ఆపే హక్కు నాకు లేదు. సాధారణ స్థాయికి నాలుగు రెట్లు దాటిన నమూనాలను (సంకేతాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను) గుర్తించి, వాటి స్థానంలో సున్నాలు పెట్టి ముందుకు పోవడమే మార్గం. ఒక సెకనులో ఒకటి రెండు మిల్లీసెకన్లు పోతే నష్టం కనబడదు.

ఇక యాంటెన్నా. మా అటక మీద దూరదర్శన్ కాలపు యాంటెన్నా ఒకటి ఉంది. దాని కమ్ములు టీవీ కొలతవి. ఎఫ్‌ఎం తరంగదైర్ఘ్యం 3 మీటర్లు కాబట్టి ఒక్కొక్క కమ్మి దాదాపు మీటరున్నర ఉండాలి. అల్యూమినియం గొట్టాలతో మూడు కమ్ముల యాగీలు (ఒక వైపు నుంచి వచ్చే తరంగాలను బాగా పట్టే యాంటెన్నాలు) రెండు కొత్తగా చేసుకున్నాను. రిఫరెన్స్ యాంటెన్నాను ఈశాన్యానికి తిప్పడంలో ఆలోచించేదేమీ లేదు. నిఘా యాంటెన్నా విషయంలో మాత్రం నేను మొదట తప్పు చేశాను. దాని ముఖాన్ని విమానాలు వచ్చే దక్షిణానికి సరిగ్గా గురిపెట్టాను. యాగీకి ముందు గరిష్ఠం మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. ఇరవై డిగ్రీలు పక్కకు తిరిగినా అర డెసిబెల్, ఒక డెసిబెల్ పోతుందంతే. వెనుక వైపున ఉండే సున్నా గొయ్యి, అంటే దాదాపు ఏమీ వినబడని దిశ, మాత్రం సన్నగా, లోతుగా ఉంటుంది. కాబట్టి గురిపెట్టవలసింది విమానానికి కాదు, గొయ్యిని హైదరాబాద్‌కు. ఒక మనిషి కిందికి దిగి లాప్‌టాప్‌లో అంకె చదువుతుంటే, ఇంకొకరు డిగ్రీ డిగ్రీగా తిప్పాలి. ఆ రెండో మనిషి మా నాయిన. “పాటలొచ్చే రేడియోను పాటలు రాకుండ తిప్పుడేంది బిడ్డా?” అని ఆయన అడిగిన ప్రశ్న కన్నా మంచి నిర్వచనం ఈ పనికి ఇప్పటికీ నాకు దొరకలేదు. దక్షిణానికి గురిపెట్టినప్పుడు 9 డెసిబెళ్ల తగ్గుదల ఉంటే, గొయ్యిని సరిచేశాక 16 అయింది.

తర్వాత మెట్ల గది. డాబా మీద దాని దక్షిణపు గోడ నీడలోకి నిఘా యాంటెన్నాను జరిపి, గోడకు నాలుగు జింకు రేకులు నిలబెట్టాను. ఇంకో 5 డెసిబెళ్లు వచ్చాయి. మొత్తం 21. సంబరపడి ఆ రాత్రి రికార్డ్ చేసిన పటంలో, సున్నా డాప్లర్ గోడ సన్నబడకపోగా అటూ ఇటూ రెండు మూడు హెర్ట్జ్ మేర ఉబ్బింది. రెండు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. తప్పు రేకులది, గాలికి ఊగుతూ, తమ మీద పడిన బలమైన పాటను ఊపుతూ నా యాంటెన్నాలోకి పంపుతున్నాయి. కదలకుండా ఉన్న ప్రతిధ్వనిని కంప్యూటర్ సులభంగా తీసివేస్తుంది, కదిలేదాన్ని తీసివేయలేదు. రేకులను గోడకు మేకులతో బిగించాక ఉబ్బు పోయింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను కూడా అందుకే ఆపేస్తాను. రహదారి మీది లారీలను మాత్రం ఆపలేను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ 15 హెర్ట్జ్ వరకు జాడ వదలగలదు.

ఇప్పుడు గానీ లెక్కల పనికి న్యాయం జరగలేదు. మొదట నమూనా నమూనాకూ తనను తాను సరిదిద్దుకునే ఎన్‌ఎల్‌ఎంఎస్ ఫిల్టర్‌ను వాడాను. రాయడం సులభం, పది పంక్తులు. దానికి ఉన్న ఒక్క మర, అడుగు పరిమాణం, చిన్నదిగా పెడితే నేర్చుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. పెద్దదిగా పెడితే అతిగా నేర్చుకుని, మెల్లగా కదిలే ప్రతిధ్వనులను కూడా నేరు సంకేతంగా భావించి మింగేస్తుంది. మధ్యేమార్గం దొరికిన రోజు గాలి మారేది, మళ్లీ మొదటికి వచ్చేది. వారం తర్వాత దాన్ని వదిలేశాను.

దాని బదులు కనిష్ఠ వర్గాల పద్ధతి పట్టుకున్నాను. పరిశోధకులు దీన్ని ఈసీఏ అంటారు. ఒక సెకను రిఫరెన్స్ సంకేతాన్ని తీసుకుని, దాన్ని ఒక్కొక్క నమూనా చొప్పున ఆలస్యం చేసిన 60 నకళ్లు తయారుచేస్తాము. సెకనుకు 2,40,000 నమూనాలు కాబట్టి ఒక్కొక్క నకలు మధ్య దూరం 1.25 కిలోమీటర్లు, అరవై నకళ్లు 75 కిలోమీటర్ల దారి తేడాను (తగిలి వచ్చిన దారి నేరు దారి కన్నా ఎంత ఎక్కువో) కవర్ చేస్తాయి. ఏ నకలును ఎంత పాళ్లలో కలిపితే నిఘా ఛానల్‌లో ఉన్నది గరిష్ఠంగా వివరణ పొందుతుందో లెక్కించి, అంత పాలును తీసివేస్తాము. నేరు పాటతో పాటు చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల నుంచి వచ్చే కదలని ప్రతిధ్వనులు కూడా దీనితోనే పోతాయి. చెట్ల ఊపుకు విరుగుడుగా, ఒక హెర్ట్జ్ అటూ ఇటూ జరిపిన నకళ్లను కూడా చేర్చాను. వరుసలు 180 అయ్యాయి, మామూలు లాప్‌టాప్ ఇబ్బంది లేకుండా నడిపింది.

అయినా ఈ లెక్కతో వచ్చిన తగ్గుదల 14 డెసిబెళ్ల దగ్గర ఆగిపోయింది. యాంటెన్నాల 21తో కలిపితే 35. గోడ మీది కాగితం ప్రకారం ఇంకా 5 కావాలి. ఇక్కడ నేను నేర్చుకున్న విషయాన్ని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాయి, కానీ పని అంతా అక్కడే ఉంది: తీసివేయడానికి వాడే రిఫరెన్స్ మలినమైతే, తీసివేత కూడా మలినమే. నా రిఫరెన్స్ యాంటెన్నాలోకి హైదరాబాద్ పాటతో పాటు గుట్టల నుంచి వచ్చే దాని నీడలు, పైన తిరిగే విమానపు ప్రతిధ్వని కూడా కాస్త వస్తున్నాయి. ఎఫ్‌ఎంకు ఒక గొప్ప గుణం ఉంది. ప్రసార కేంద్రం నుంచి బయలుదేరేటప్పుడు దాని పరిమాణం మారదు, పౌనఃపున్యం ఒక్కటే మారుతుంది. కాబట్టి మా దగ్గర పరిమాణం అలలు అలలుగా కనబడితే, అదంతా దారిలో అంటుకున్నదే. ఈ ఒక్క ఆధారంతో, పరిమాణం మళ్లీ నిలకడగా అయ్యేదాకా తనను తాను సవరించుకునే ఈక్వలైజర్‌ను రిఫరెన్స్ ఛానల్ మీద నడిపాను. పాటేమిటో దానికి తెలియనక్కర లేదు. మరుసటి రోజు అదే రికార్డింగ్ మీద అదే ఈసీఏ నడిపితే తగ్గుదల 14 నుంచి 26కు చేరింది. యాంటెన్నాలవి 21, లెక్కలవి 26, మొత్తం 47.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫిల్టర్ గాలికి త్వరగా సర్దుకోవాలని, ఒక సెకనును పది ముక్కలుగా కోసి విడివిడిగా నడిపి చూశాను. సున్నా గోడ అద్భుతంగా పోయింది. దానితో పాటు సున్నాకు రెండు వైపులా దాదాపు 10 హెర్ట్జ్ మేర ఉన్నదంతా పోయింది. దారి తేడా సెకనుకు 29 మీటర్ల కన్నా మెల్లగా మారే విమానాలు, అంటే మాకూ హైదరాబాద్‌కూ మధ్య గీతకు అడ్డంగా పోయేవి, కొన్ని క్షణాల పాటు మాయమయ్యేవి. అందంగా కనబడే పటం కన్నా విమానం ఉన్న పటమే కావాలని మళ్లీ ఒక సెకను ముక్కకే వచ్చాను.

మొదటి విమానం ఒక ఆదివారం సాయంత్రం కనబడింది. మూడో డాంగిల్‌తో 1090 మెగాహెర్ట్జ్‌లో విమానాలు తామే చెప్పుకునే స్థానాలను పక్కన నమోదు చేస్తున్నాను. సరిచూసుకోవడానికి అంతకన్నా నమ్మకమైనది లేదు. బెంగళూరు వైపు నుంచి దిగుతున్న విమానం మాకు దక్షిణాన 25 కిలోమీటర్లలో ఉంది. ప్రసార కేంద్రం నుంచి విమానానికి 85, అక్కడి నుంచి మాకు 25, అందులోంచి నేరు దారి 60 తీసివేస్తే దారి తేడా 50 కిలోమీటర్లు, అంటే నలభయ్యో నమూనా. సెకనుకు 200 మీటర్ల వేగానికి, 101.9 మెగాహెర్ట్జ్ మీద, డాప్లర్ 136 హెర్ట్జ్ రావాలి. చుక్క నలభయ్యో గడికి పక్క గడిలో, 130 దగ్గర ఉంది. సరిగ్గా మా వైపు కాక కొంచెం పక్కగా వస్తోంది కాబట్టి ఆ మాత్రం తేడా న్యాయమే. తర్వాతి సెకనులో ఉంది. ఆ తర్వాతి సెకనులో కూడా ఉంది. నాయినను పిలిచి చూపిస్తే, “గీ చుక్కనేనా?” అన్నాడు.

నాలుగు నిమిషాల తర్వాత ఆ చుక్క సాగిపోయి, మసకబారి, లేకుండా పోయింది. విమానం ఎక్కడికీ పోలేదు. 101.9లో వచ్చే రెయిన్‌బో ఎఫ్‌ఎంలో పాట అయిపోయి మాట మొదలైంది. మాటల మధ్య నిశ్శబ్దంలో ఎఫ్‌ఎం సంకేతపు వెడల్పు 100 కిలోహెర్ట్జ్ నుంచి 20కి కుంచించుకుపోతుంది. అప్పుడు 3 కిలోమీటర్ల దారి తేడాను వేరుచేయగల పటం 15 కిలోమీటర్ల లోపు తేడాను వేరుచేయలేదు, కూడబెట్టిన లాభమూ తగ్గుతుంది. హోరెత్తే పాట వస్తే రాడార్ బాగా పనిచేస్తుంది, వార్తలు వస్తే గుడ్డిదవుతుంది. దీనికి దొరికిన మందు పక్కనే ఉంది. వివిధ్ భారతి 102.8లో వస్తుంది, రెండింటి మధ్య 0.9 మెగాహెర్ట్జ్ తేడా. 102.35 మీద డాంగిల్‌ను పెడితే 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పులో రెండూ ఒకేసారి పడతాయి. ప్రతి సెకనూ రెండింటి వెడల్పు కొలిచి, వెడల్పైన దానికి ఎక్కువ బరువు ఇచ్చి పటాలను కలుపుతున్నాను. రెండు స్టేషన్లలో ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు మాత్రం నాకు పనిలేదు.

చలికాలపు తెల్లవారుజాముల్లో మరో చిక్కు ఎదురైంది. గాలి పొరల వల్ల దూరపు ప్రసారాలు మా దాకా వచ్చి, మేము వాడే పౌనఃపున్యంలోనే ఇంకో ఊరి కన్నడ మాటలు కలిసేవి. దానికి రిఫరెన్స్ లేదు కాబట్టి తీసివేయలేము. ఆ గంటల రికార్డింగ్‌లను పక్కన పెట్టేస్తున్నాను.

ఒక్క రిసీవర్‌తో చుక్క ఎంత దారి తేడాలో ఉందో తెలుస్తుంది, ఎక్కడ ఉందో తెలియదు. అందుకని జడ్చర్ల దగ్గర ఉండే మిత్రుడి డాబా మీద రెండోది పెట్టాలని చూస్తున్నాము. పోయిన వారం లాప్‌టాప్, యాంటెన్నా ఏవీ తీసుకుపోలేదు. చేతి రేడియో ఒక్కటే పట్టుకుని వీధిలో తిరిగాను. వాళ్ల ఇంటి ఎదుటి వీధి దీపం రొద పెడుతోంది. వెనుక వైపు గది గోడ, వాటర్ ట్యాంకు నీడ బాగున్నాయి. రేకులను ఈసారి ముందే మేకులతో బిగిస్తాను.